చేపలన్నీ ఎడమకే

సెలవు మీద వస్తున్నాను, ఏం తేవాలక్కా అని మా తమ్ముడు మస్కట్ నుంచి ఫోన్ చేసి అడిగితే మిక్సీ తెమ్మన్నాను. అల్లం దంచీ దంచీ అప్పటికి నా చేతులు అరిగిపోయి ఉన్నాయి. వాడు తెచ్చింది చేపల మిషను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బోధన్‌లో మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే, నేనూ మా బావా. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి పిలుపు పెళ్లయ్యాక కూడా పోలేదు. నేను ప్రాథమిక బడిలో టీచర్‌ని. ఆయన చెరకు గానుగల మరమ్మతు చేసే వర్క్‌షాపులో లేత్ మిషను మీద టర్నర్. వెంట్రుకంత తేడా ఉన్నా కంటితో పట్టేస్తాడని పేరుండేది. ఆ కంటికే నీటికాసులు వచ్చాయి. ముందు పక్కల చూపు పోయింది, తర్వాత మధ్యలోది కూడా మసకబారుతూ పోయింది. నిజామాబాద్ తిరిగాం, హైదరాబాద్ తిరిగాం. కంటి నరం ఎండిపోయాక చేసేదేమీ లేదని తేలింది. తమ్ముడికి మాత్రం ఫోన్‌లో కొంచెం మసక అనే చెబుతూ వచ్చాను. దూరాన ఉన్నవాడు దిగులుపడి చేసేదేముంది అనుకున్నాను.

వాడు మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా అట్టపెట్టె విప్పి హాలు మధ్యలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత డబ్బా, దానికి బూడిదరంగు చిన్న తెర, కింద నాలుగు మీటలు. డబ్బాకు పొడవాటి నల్ల వైరు, వైరు చివర నీళ్ల మీద తేలే గుండు. గుండును నీళ్లలోకి విసిరి మనం ఒడ్డున కూర్చుంటే చాలట. అది నీళ్లలోకి మన చెవికి వినపడని చప్పుడొకటి పంపుతుందట. ఆ చప్పుడు అడుగుకు తగిలి, దారిలో చేప ఉంటే చేపకు తగిలి తిరిగొస్తుందట. దాన్నిబట్టి తెర మీద అడుగు ఎంత లోతుందో గీత గీసి, చేప ఉన్నచోట చేప బొమ్మ వేస్తుందట. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, "బావకని తెచ్చిన. పట్టుకో బావా," అని చాపాడు.

బావ చేతులు చాపాడు. తమ్ముడు ఈ పక్కనుంటే ఆ చేతులు ఆ పక్కకు పోయాయి. గాలిలో వెతికాయి. తమ్ముడు నా వైపు చూశాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. నేను వెళ్లి ఆ డబ్బాను బావ చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మీటలు ఒక్కొక్కటే తడిమి, వైరు పొడవునా వేళ్లు నడిపి, చివర గుండు దగ్గర ఆగాడు.

"మంచిగున్నదిరా," అన్నాడు. "లోపటికి నీళ్లు పోకుంట మంచిగ మూసిండ్రు."

అంతే. పక్కన పెట్టేశాడు. నేను వంటింట్లోకి పోయి తమ్ముణ్ని తిట్టాను, నిజం చెప్పనందుకు నన్ను నేను తిట్టుకోవడం చేతకాక. వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత చికెన్ వండాను.

బావకు గాలం పిచ్చి ఎంత ఉండేదో చెప్పాలి. పని లేని ప్రతి పొద్దూ మంజీర ఒడ్డునే. పెళ్లయిన కొత్తలో నాకు సవతి మంజీరే అని పోట్లాడేదాన్ని. ఆయన తెచ్చేవాడు, నేను కోసి కడిగి పులుసు పెట్టేదాన్ని. గాలం పట్టుకుని ఏటికి పోవడం మగవాళ్ల సంగతి. మా చర్చిలో ఆడవాళ్లెవరూ అలా పోయినట్టు నేనైతే వినలేదు. ఇక మిర్గం రోజు వచ్చిందంటే మా వాడలో మాదే దర్జా. మృగశిర కార్తె వచ్చిన ఆ రోజున జిల్లా జిల్లా అంతా చేప తినాలి కదా. హిందువులనీ కిరస్తానీలనీ లేదు, అందరికీ కావాలి. బజారులో చేపల గంప దగ్గర తొక్కులాట. మేము మాత్రం ఏనాడూ కొన్నది లేదు. ఆయన పట్టుకొచ్చిందే మాకూ, ఇరుగుపొరుగుకూ.

చూపు పోయాక ఆయన ఏటికి పోవడం మానేశాడంటే ఎవరికైనా అర్థమవుతుంది. మాట్లాడటం కూడా మానేశాడు, అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను. దానికి కారణం తమ్ముడు రాకముందు జరిగిన ఒక పెళ్లి. చర్చిలో మావాళ్ల పెళ్లికి వెళ్లాం. నేను ఆడవాళ్లలో కూర్చున్నాను, ఆయన మగవాళ్లలో. భోజనాలయ్యాక పక్కనున్న చుట్టాన్ని, నా అంగి మీద ఏమన్న పడ్డదా అని అడిగాడట. ఏం లేదన్నా, మస్తున్నది అన్నాడట ఆ చుట్టం. ఇంటికొచ్చి అంగి విప్పుతూ ముందంతా తడిమాడు. కూర ఎండి గట్టిపడి ఉంది. అలాగే ఊరంతా నడిచి వచ్చాడు.

మంచం మీద కూర్చుని ఆ అంగిని ఒళ్లో పెట్టుకుని ఎండిన కూరను గోటితో గీకాడు. తర్వాత అన్నాడు:

"కండ్లు పోయినప్పటిసంది నాకు అందరు మంచి మాటలే చెప్తున్నరు. తగ్గుతదంటరు. మంచిగున్నవంటరు. ఎవల మాటను పట్టుకొని నడవాలె నేను?"

ఆయన మళ్లీ, "నువ్వన్న నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. మంచిదైనా, చెడ్డదైనా. గంతే అడుగుతున్న," అన్నాడు.

"నా నోటి సంగతి నీకు తెల్వదా బావా," అన్నాను. "నాకు తీపి మాటలు ఎప్పుడొచ్చినయి గనక."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సరే అన్నట్టు తలూపాడు. ఆ తర్వాత ఆయన లోకం ఆ గదీ ఆ మంచమూ అయిపోయాయి. పలకరించడానికి వచ్చినవాళ్లకు పొడి పొడిగా జవాబులు చెప్పి గోడ వైపు తిరిగేవాడు. నేను బడి నుంచి వచ్చేసరికి పొద్దున ఎలా కూర్చోబెట్టి పోయానో అలాగే ఉండేవాడు. ఇంట్లో మనిషి ఉన్నాడు, కానీ లేడు. నాకు ఆ మనిషి కావాలి. దెబ్బలాడటానికైనా సరే, కావాలి.

తమ్ముడు సెలవైపోయి వెళ్లిపోయాడు. చేపల మిషను బీరువా మీద దుమ్ము పట్టింది. బడికి వేసవి సెలవులు ఇచ్చారు. ఒక పొద్దున బీరువా మీద దుమ్ము దులుపుతుంటే ఆ పెట్టె చేతికి తగిలింది, నాకెందుకో తిక్క రేగింది.

"లే బావా, ఏటికి పోదాం," అన్నాను.

"నాకేం కనపడ్తదని."

"నీకెందుకు కనపడాలె? నాకు కనపడ్తది. మిషిన్ల నేను చూస్త. ఎక్కడెయ్యాల్నో చెప్త. గాలం నువ్వెయ్యి."

గోడ వైపే మొహం పెట్టి, "ఆడోళ్లు గాలం పట్టుకొని ఏటికి వస్తరా," అన్నాడు.

"ఏట్ల బట్టలు ఉతికేది మొగోళ్లా మరి? లే. మక్కపిండి ఎంత కలపాల్నో చెప్పు."

పిండి ఎంతో చెప్పలేదు. లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, పీట వేసుకుని, ఎర పిండిని ఆయనే కలిపాడు. మొక్కజొన్న పిండి, దంచిన పల్లిచెక్క, ఇంత పలుచని బెల్లం పాకం. వేళ్లతో నొక్కి చూసి ఇంకొన్ని నీళ్లు చల్లమన్నాడు. పాకం వాసన ఇల్లంతా పట్టింది. నేను పక్కన నిలబడి అడిగిందల్లా అందించాను, ఏమైనా అంటే ఎక్కడ లేచిపోతాడో అని నోరు మెదపలేదు. నేను నోరు మెదపకుండా ఉన్నానంటే మా వాళ్లెవరూ నమ్మరు.

సాలూర దాకా ఆటోలో పోయాం. అక్కడి నుంచి నా భుజం మీద చేయి వేసి నడిచాడు. ఎండాకాలం మంజీర అంటే సగం ఇసుకే. పారే నీళ్లు సన్నగా ఒక పక్క నుంచి పోతుంటాయి, అక్కడక్కడ లోతు మడుగులు నిలిచి ఉంటాయి. చెరకు రైతులు నీళ్ల దగ్గరికి మోటర్లు దించి, ఇసుక మీదుగా పైపులు వేసుకుని పొలాలకు నీళ్లు లాక్కుంటారు. బావ చెప్పిన గుర్తులను బట్టి ఒక మడుగు దగ్గర చెట్టు నీడన కూర్చున్నాం. దోవంతా నేను చూసింది చూసినట్టు చెబుతూనే ఉన్నాను. ఇక్కడ గుంత, ఇక్కడ తుమ్మకంప, ఇక్కడ ఎవరో బర్రెను కడుగుతున్నారు.

గుండును నీళ్లలోకి విసిరాను. మీట నొక్కాను. తెర మీద నల్లగా ఒక గీత మొదలైంది, అది అడుగు. పక్కన ఏడు అని అంకె, అంటే ఏడడుగుల లోతు. కాసేపు గీత తప్ప ఏమీ లేదు. అంతలో కీచుమని ఒక చప్పుడు, తెర కుడి అంచున చిన్న చేప బొమ్మ. నలభై ఏళ్లు దాటిన టీచర్‌ని, పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఆ బొమ్మను చూసి బావ మోకాలు పట్టుకుని ఊపేశాను.

"ఉన్నది బావా. చేప ఉన్నది."

"ఎటున్నది?"

చూశాను. బొమ్మ కుడి అంచున పుట్టింది, మెల్లగా ఎడమకు జరిగింది. జరిగి జరిగి ఎడమ అంచులో మాయమైంది. దాని వెనక ఇంకొకటి. అదీ అంతే.

"ఎడమకు పోతున్నయి," అన్నాను.

ఆయన నిటారుగా అయ్యాడు. మేము కూర్చున్న ఒడ్డున మంజీర ఎడమ నుంచి కుడికి పారుతుంది. ఎడమకు పోవడమంటే ఏటికి ఎదురు పోవడం. "ఎదురెక్కుతున్నయా?" అని అడిగాడు. ఆ గొంతు నేను విని ఎంతకాలమైందో. "మిర్గం ముంగట కొత్తనీళ్లు వచ్చేటట్టుంటే చేపలకు ముందే తెలుస్తది. గిట్లనే ఎదురెక్కుతయి. సరిగ్గ చూసి చెప్పు."

సరిగ్గానే చూశాను. పది చేప బొమ్మలు వచ్చుంటాయి, పదీ ఎడమకే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

గాలాన్ని ఎడమకు విసిరాడు. నా చెయ్యి దారపు కర్రకు తగలకుండా పక్కకు నెట్టి, తలొంచి, నీళ్ల మీద తేలే బెండును చూడలేడు కాబట్టి దారాన్ని చూపుడువేలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. నీడ మా మీద నుంచి జరిగిపోయినా కదల్లేదు. ఉన్నట్టుండి గుంజాడు. కర్ర వంగింది. ఇసుక మీద పడి ఎగిరెగిరి కొట్టుకుంటున్నది ఒక రవ్వ చేప, నా మోచేతి పొడవు. "ఎంతున్నదే?" అని ఆయన, "నువ్వే చూసుకో," అని నేను. రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకున్నాడు. పొలుసులు చేతులకు అంటుకున్నాయి, మొహం నిండా నీళ్లు చిమ్మాయి. ఆ మొహం చూసి, మిక్సీ తేనందుకు మా తమ్ముణ్ని మనసారా క్షమించాను.

అప్పటి నుంచి ఎండ తగ్గాక రోజూ ఏటికే. ఆదివారం ఒక్కటే ఆరాధన రోజని మానేవాళ్లం. ఒక రోజు పడేవి, ఒక రోజు పడేవి కావు. నాకు ఆ తెర చదవడం బాగా పట్టుబడిందని నా నమ్మకం. చేపలన్నీ ఎడమకే పోతున్నాయి, రోజూ. మొదట్లో గాలాలు వేసుకునే నలుగురు మమ్మల్ని చూసి నవ్వారు. రవ్వలు, బొచ్చెలు పడటం చూశాక దగ్గరికి జరిగారు. మిషనుకు టీచరమ్మ టీవీ అని పేరు పెట్టారు.

"టీచరమ్మా, ఎటు పోతున్నయి?" అని అటు నుంచి ఒకడు అరిచేవాడు.

"ఎడమకే," అని నేను.

ఇక చూడాలి. అందరూ ఎడమకే విసిరేవాళ్లు. దారాలు దారాలు చిక్కుపడి, నీది తియ్యి అంటే నీది తియ్యి అని కొట్లాటలు. బావ ఆ గొడవ వింటూ పెదవి చివర నవ్వేవాడు. ఇంటికి వచ్చాక కూడా మాట్లాడేవాడు. ఎవడి దారం ఎవడి దారానికి పడిందో, ఎవడు ఎవణ్ని ఏమన్నాడో నా చేత మళ్లీ చెప్పించుకునేవాడు. రాత్రి అన్నం ఇంకొంచెం పెట్టమని అడిగేవాడు. నేను లోపల్లోపల ప్రార్థన చేసుకునేదాన్ని, దేవా, ఈ ఎండాకాలం ఇంకొన్నాళ్లు ఉండనీ అని. ఎండాకాలం ఉండాలని మా జిల్లాలో ప్రార్థన చేసిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఒక చెరకు రైతు ఉండేవాడు. ఆయన మోటరు మా మడుగుకు దగ్గరలోనే, అందరికంటే లోతున దించి ఉండేది. పైనుంచి నీళ్లు వస్తే ముందు మునిగేది ఆయన మోటరే. రోజూ వచ్చి తెరలోకి తొంగి చూసేవాడు. ఒకనాడు చేప బొమ్మలు వరసగా ఎడమకు పోతుంటే చూసి, తల గోక్కుని, "అంటే నీళ్లు వస్తున్నయన్నట్టేనా అన్నా," అని బావను అడిగాడు.

"వస్తయి," అన్నాడు బావ. "చేపలకు తెల్వకుంట నీళ్లు రావు."

"ఆమె చూసింది కరెక్టేనా మరి?"

"మా ఆమె ఉన్నది ఉన్నట్టే చెప్తది. ఎక్కువ చెప్పదు, తక్కువ చెప్పదు. నేను నడిచేదే ఆమె మాట మీద."

అందరి ముందు అన్నాడు. నాకు సిగ్గేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను నలుగురిలో మెచ్చుకున్నది అదే. ఆ రైతు ఇద్దరు మనుషులను పెట్టి ఆ సాయంత్రమే మోటరును గట్టెక్కించాడు.

నీళ్లు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. ఆకాశం గాజుపలకలా ఉంది. రైతు మళ్లీ వచ్చాడు, ఈసారి తువ్వాల భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని.

"టీచరమ్మా, నీళ్లేవి? నా చెరుకు వాడుతున్నది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను మోటర్ తియ్యమన్ననా? చేపలు పోతున్నయన్న. పోతున్నయి. కావాల్నంటే నువ్వే చూడు."

చూశాడు. పోతున్నాయి. ఏమనాలో తెలియక బావ వైపు తిరిగాడు. బావ తొణకలేదు. "ఆమె చూసింది చెప్పింది. నీళ్లు జర ఎనకముందు అయితయి, పరేషాన్ గాకు," అన్నాడు. రైతు గొణుక్కుంటూ వెళ్లి మోటరును మళ్లీ దించుకున్నాడు.

ఆ సంగతి ఊళ్లో తిరిగింది. ఒడ్డున జనం తగ్గాల్సింది పోయి పెరిగారు, మిషనును చూడటానికని పిల్లలతో సహా వచ్చేవారు. బావకు మనుషుల సందడి ఇష్టమే కానీ, చేపలు పడనంత సందడి ఇష్టం లేదు. "అవతలి ఒడ్డుకు పోదాం పా," అన్నాడు. వంతెన దాటితే మహారాష్ట్ర. మాటలు మారుతాయి కానీ మడుగు అదే, నీళ్లవే.

వంతెన మీద ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. పైనుంచి గాలి వస్తుంటే ఆగి, మొహం ఎత్తి, "తడి వాసన వస్తున్నది," అన్నాడు. నాకేమీ రాలేదు. రాలేదనే చెప్పాను.

అవతల ఒక వేపచెట్టు కింద కూర్చున్నాం. బర్రెలు కాసుకుంటున్న ఒక ముసలామె వచ్చి మరాఠీలో ఏమిటిది అని అడిగింది. వచ్చీ రాని మరాఠీలో చేపలు చూసేది అని చెప్పాను. ఆమె నమ్మలేదు, కానీ అక్కడే గట్టు మీద కూర్చుంది. గుండును విసిరాను. అది నీళ్ల వాలుకు మెల్లగా కుడి చేతివైపు నుంచి ఎడమ చేతివైపుకు కొట్టుకుపోతూ ఉంది. ఈ ఒడ్డున మంజీర అలాగే కదా పారేది, మేము అటు నుంచి ఇటు తిరిగి కూర్చున్నాం కాబట్టి. కీచుమంది. చేప బొమ్మ కుడి అంచున పుట్టింది. ఎడమకు జరిగింది.

ఎడమకు అంటే ఇక్కడ వాలుకు. అటు ఒడ్డున ఎదురెక్కిన చేపలు ఇటు ఒడ్డున వాలుకు దిగుతున్నాయా? నోరు తెరిచాను, బావకు చెబుదామని. అప్పుడు కనపడింది. తెర కింద అడుగు గీతలో ఒక గూని లేచింది. మడుగులో మునిగి ఉన్న బండ అది, దాని మీదుగా గుండు పోయినట్టుంది. ఆ గూని కూడా చేప వెనకాలే బయలుదేరింది. ఎడమకు. నేను చూస్తుండగానే బండ ఎడమకు జరిగి, ఎడమ అంచులో మాయమైంది.

బండలు ఈదవు. అది తెలియడానికి టీచరే కానక్కరలేదు.

వైరును లాగి, గుండును ఒడ్డు పక్కన నాచు మీద కదలకుండా పట్టుకున్నాను. నాచును చూసి కూడా అది చేప బొమ్మే వేసింది, అదీ ఎడమకే పోయింది. నా చేతి కింద నాచు మాత్రం ఉన్నచోటే ఉంది. కుట్టు మిషనులో సూది కింద గుడ్డ జరుగుతుందే, అలా ఆ తెర తనంతట తాను జరుగుతోంది. కొత్తగా కనపడింది కుడి అంచున పడుతుంది, పాతబడింది ఎడమకు పోతుంది. చేప ఎటు పోతుందో ఆ మిషను ఒక్కనాడు కూడా చెప్పలేదు. నేను చెప్పాను. రోజూ చెప్పాను. ఒడ్డు ఒడ్డందరికీ చెప్పాను. ఆ రైతు మోటరు గట్టెక్కింది నా మాట మీద. బావ నలుగురిలో నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్తది అన్నది నా గురించి.

"ఏమైందే?" అన్నాడు బావ. గాలానికి పిండి గుచ్చి సిద్ధంగా ఉన్నాడు. "చెప్తలేవేంది. ఎటు పోతున్నయి?"

ఎడమకే అంటే సరిపోయేది. ఆయన ఎడమకు విసిరేవాడు, ఏదో ఒకటి పడేది, ఇంటికి పోయి అన్నం తినేవాళ్లం. ఎవరికీ తెలిసేది కాదు. ఇక రేపటి నుంచి నేను కూడా ఆ మంచి మాటలు చెప్పేవాళ్లలో ఒకదాన్ని అయ్యేదాన్ని. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. మళ్లీ ఆ గది, ఆ మంచం, ఆ గోడ. ఈమె మాటనూ పట్టుకుని నడవడానికి లేదు అని అనుకుంటే ఆయనకు ఇక మిగిలేది ఎవరు? ముసలామె మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"బావా," అన్నాను. "చేపలు ఎటూ పోతలేవు."

"అంటే?"

చెప్పాను. చేప సంగతి, బండ సంగతి, నాచు సంగతి, కుట్టు మిషను సంగతి. చెబుతూ చెబుతూ నాకు కోపం వచ్చింది. మిషను మీద, దాన్ని చేసినవాడి మీద, తెచ్చిన తమ్ముడి మీద. "మొదటి దినంసంది నేను నీకు తప్పు చెప్పిన బావా. చూసింది నేనే, తప్పు చూసింది నేనే. నువ్వు అందరి ముంగట నా మాట మీద నిలబడ్డవు. దీన్ని గిప్పుడే ఏట్ల పారేస్త," అని లేచాను. కళ్లలో నీళ్లు తిరిగి తెర కూడా కనపడలేదు.

ఆయన గాలం కర్రను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. కదల్లేదు. ఒక బర్రె నీళ్లలోకి దిగి, తాగి, మళ్లీ ఎక్కింది.

"బండ కూడ పోయిందా?" అన్నాడు చివరికి.

"పోయింది."

"ఎడమకే?"

"ఎడమకే."

తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నా ప్రాణం పోయింది. దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని మొహం చూశాను. నవ్వుతున్నాడు. "గా మోటర్ ఆయన," అని ఇంకో మాట రాక మళ్లీ నవ్వాడు. "పాపం, గట్టెక్కిచ్చి మళ్ల దించుకున్నడే." నాకు నవ్వు రాలేదు. ఆయన నవ్వు ఆగేదాకా మిషనును ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

నవ్వడం ఆపి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చేయి చాపి వెతికి నా చేయి పట్టుకున్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"నాకు తప్పు చెప్పినోళ్లు మస్తుమంది ఉన్నరు," అన్నాడు. "తప్పు చెప్పిన అని మళ్ల వచ్చి చెప్పింది ఒక్కలు లేరు. నువ్వే."

ఆయన నా చేయి వదిలి, కర్రను తడుముకుని, గాలానికి పిండి ఇంకా ఉందో లేదో వేలితో చూసుకున్నాడు.

"ఇగ చెప్పు. ఎటు ఏద్దాం?"

మిషను ఆపేశాను. కళ్లు తుడుచుకుని నీళ్ల వైపు చూశాను. ఎక్కడ చేపలున్నాయో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. తెలియకున్నా సరే, నీళ్లు ఎట్లున్నాయో చెప్పు అన్నాడు. కుడి పక్కన రెల్లుగడ్డి నీళ్లలోకి వంగిన చోట బుడగలు లేస్తున్నాయి.

"కుడికి, గడ్డి దగ్గర బుడగలు లేస్తున్నయి," అన్నాను. "చేపలో కాదో తెల్వదు."

ఆయన నా గొంతు వైపు తల వంచి విని, కుడికి విసిరాడు.